ముందు మొక్కను చూడాలి, మందు తర్వాత: పెరటి కూరగాయల తెగుళ్లతో నా అనుభవం

"ఆకు ముడుచుకుంది, ఏం మందు కొట్టాలి?" పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకున్న ప్రతి ఇంట్లో వినపడే ప్రశ్న ఇది. ఇంతమాత్రం చెబితే ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు. పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా? లేత ఆకా, ముదురు ఆకా? ఒక్క మొక్కకేనా, మడి మొత్తానికా? ఇవి తేలాకే మందు సంగతి. ఇవి అడగకుండా దుకాణంలో ఇచ్చే రెండు మూడు డబ్బాలు, ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి బలానికి, అన్నీ కలిపి కొడితే ఏది పనిచేసిందో తెలియదు, ఏది ఆకును మాడ్చిందో కూడా తెలియదు. పైగా ఆ కూరగాయ మనం తినేది.

నల్లగొండలో ఇంటి వెనక మడుల్లో, డాబా మీది కుండీల్లో టమాట, వంకాయ, మిర్చి, బెండ, బీర, ఆనిగెపుకాయ (సొరకాయ), చిక్కుడు, పుంటికూర (గోంగూర) పండిస్తూ వస్తున్నాను. తెగులును గుర్తుపట్టడానికి నేను పాటించే వరస ఒకటుంది. దేవరకొండ, మిర్యాలగూడ వైపు వాళ్లకే కాదు, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఎర్ర చల్క నేలల్లో పండించుకునేవాళ్లకూ ఇది సరిపోతుంది. మన బోరు నీళ్లూ, మన ఎండలూ ఇంచుమించు ఒకటే.

చూడటం పొద్దుగాలే చేయాలి. మధ్యాహ్నం ఎండకు వేలాడని మొక్క ఉండదు, అప్పుడు చూసి తెగులనుకుంటే తప్పు. చేతిలో పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక తెల్ల కాగితం, కొత్త బ్లేడు ఉంటే చాలు. ముందు దూరం నుంచి మడి మొత్తం చూస్తాను. టమాట, వంక, బెండ మూడింటికీ ఒకే వారంలో ఆకు అంచులు మాడితే అది చాలావరకు తెగులు కాదు. చాలా తెగుళ్లు తమకు సరిపడే పంటలనే పడతాయి. తేడా లేకుండా అన్నింటినీ పట్టేది నీళ్లు, ఎండ, ఎక్కువైన యూరియా. తర్వాత దగ్గరికి పోయి లక్షణం పైనుంచి కిందికి దిగుతోందా, కింది నుంచి పైకి ఎక్కుతోందా చూస్తాను. ఆ తర్వాత ఆకు తిప్పి వెనక వైపు, కాండం మొదలు, చివరికి అవసరమైతే ఒక మొక్క పీకి వేరు. ఒక్క మొక్కను బలిచ్చి వేరు చూడటం వల్ల మిగతా మడి బతుకుతుంది, దానికి వెనకాడొద్దు.

మన దగ్గర ముందుగా అనుమానించాల్సింది నీళ్లనే. నల్లగొండ అంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కూరగాయ మొక్కల ఆకు అంచులు కాల్చేది మాత్రం ఎక్కువగా బోరు నీళ్లలోని మిగతా ఉప్పులు. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు పేరుకుందని లెక్క. ఇంట్లో నీళ్లు శుద్ధిచేసే యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పోసేవాళ్లు చాలామంది. ఆ నీళ్లలో ఉప్పు బోరు నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది. కుండీలకు అవి వద్దు. ఉప్పు పేరుకున్న కుండీకి అడుగు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసి, కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు నిదానంగా పోసి కిందికి పూర్తిగా కారనివ్వాలి. వానాకాలంలో ఈ పని వానే చేసిపెడుతుంది. అందుకే జూన్‌కు ముందు రోగిష్టిగా కనపడ్డ మొక్క రెండు మంచి వానలకు తేరుకుంటుంది, ఆ మెప్పు మాత్రం అప్పుడు కొట్టిన మందుకు పోతుంది.

ఆకు పసుపు పడితే వయసు చూడాలి. అడుగున ఉన్న ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువ. ముదురాకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం తక్కువ. అదే గుర్తు కొసన లేతాకుల్లో ఉంటే ఇనుము లోపం. క్షార గుణం ఉన్న మన నేలల్లో, నీళ్లలో ఎక్కువగా వచ్చేది ఈ మూడోదే. మట్టిలో ఇనుము ఉంటుంది, వేరు దాన్ని తీసుకోలేదు. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). నిమ్మ ఉప్పు ముందు కరగాలి, తర్వాతే అన్నభేది. వరస మారిస్తే బోరు నీళ్లలో అన్నభేది తుప్పు రంగుకు తిరిగి అడుగుకు దిగిపోతుంది, ఆకుకు అందేది ఏమీ ఉండదు. అప్పటికప్పుడు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి, వారం ఎడంతో రెండు మూడు సార్లు. ఈ నేలల్లో పొయ్యి బూడిద, కోడిగుడ్డు పెంకుల పొడి, సున్నం వేయమనే సలహాలు పాటించొద్దు. ఉన్న క్షారాన్ని అవి ఇంకా పెంచుతాయి. మాగిన పశువుల పెంట, వర్మీకంపోస్టు వేస్తూ పోతే ఇనుము లోపం ఏడాదికేడాది తగ్గుతుంది.

ఇక అసలు తెగుళ్లు. వాటిలో మనిషిని బాగా కంగారు పెట్టేది ఎండు తెగులు: నిన్నటిదాకా కాయలతో ఉన్న టమాటనో వంకనో ఒక్కసారిగా వేలాడేస్తుంది. నీళ్లు తక్కువయ్యాయని ఇంకా పోస్తారు, దాంతో పని ముగుస్తుంది. వేలాడటానికి నాలుగైదు కారణాలు ఉంటాయి, అన్నింటికీ చికిత్స వేరు. మధ్యాహ్నం వేలాడి సాయంత్రానికి లేస్తే ఎండ కావచ్చు, వేళ్లలో నులిపురుగులు కావచ్చు. పొద్దున్నే వేలాడి ఉంటే మొదట కాండం మొదలు దగ్గర మట్టి వేలితో తీసి చూడండి. నేలకు ఆనుకుని తెల్లటి దారాల బూజు, దాని మీద ఆవగింజంత గుండ్రటి గట్టి గింజలు, మొదట తెల్లగా తర్వాత గోధుమ రంగులో కనపడితే అది మొదలు కుళ్లు. వేరుశనగ చేలల్లో కాండం కుళ్లు తెచ్చేది కూడా ఈ శిలీంధ్రమే. వనపర్తి, గద్వాల వైపు వేరుశనగ పొట్టు చవకగా దొరుకుతుంది కాబట్టి మొక్కల మొదళ్లలో పరుస్తారు. మంచి పనే, తేమ నిలుస్తుంది. కానీ పొట్టుతో పాటు ఈ గింజలూ రావచ్చు. ముందు పొట్టును ఎండలో పలచగా పరిచి బాగా ఎండబెట్టి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి వేయాలి.

మొదలు శుభ్రంగా ఉంటే గ్లాసు పరీక్ష. దీనికి మందులు, యంత్రాలు అక్కర్లేదు. వేలాడిన మొక్క కాండాన్ని నేల దగ్గర కోసి, మూడు అంగుళాల ముక్క తీసుకోవాలి. గాజు గ్లాసులో మంచి నీళ్లు పోసి కదలకుండా ఉంచి, ముక్క కింది కోత నీళ్లలోకి కొద్దిగా దిగేలా దారంతోనో క్లిప్పుతోనో వేలాడదీయాలి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. కొద్ది నిమిషాల్లో కోత నుంచి సన్నటి తెల్లటి పోగు నీళ్లలోకి దిగుతూ పాల రంగు కమ్మితే బ్యాక్టీరియా ఎండు తెగులు. పోగు రాకపోతే ముక్కను నిలువుగా చీల్చాలి. బెరడు కింద గోధుమ రంగు చారలు ఉండి, ఆకులు ఒక పక్కనుంచి, కింది నుంచి పసుపు పడుతూ వచ్చి ఉంటే ఫ్యుజేరియం శిలీంధ్రం. బ్యాక్టీరియా తెగులులో ఆకు పచ్చగా ఉండగానే వేలాడుతుంది, పసుపు పడేంత వ్యవధి ఉండదు.

బ్యాక్టీరియా అని తేలితే ఆ మొక్కకు చికిత్స లేదు. వేరు చుట్టూ మట్టితో సహా తీసి, పారే నీళ్లు పక్క మొక్కకు పోకుండా కట్ట వేసి, ఆ గుంటలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణం పోయాలి. చుట్టుపక్కల మొక్కల మొదళ్లకూ పోస్తే కొంతవరకు ఆగుతుంది. యాంటీబయాటిక్ పొడి కలిపి కొట్టమని చెప్పేవాళ్లుంటారు. ఇంట్లో తినే కూరగాయలకు నేను దాని జోలికి పోను, మీరూ పోవద్దు. ఫ్యుజేరియంకైతే, కొంచెం ముందే గుర్తుపడితే, తెగులు శిలీంధ్రాన్ని అణిచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి పనిచేస్తుంది. ఎకరానికి చెప్పే లెక్క 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. పెరటికి పదో వంతు: 9 కిలోలు, 1 కిలో, 200 గ్రాములు. కలిపి, చేతితో పిండితే ముద్ద నిలిచేంత తడిపి, నీడలో గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచాలి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. పైన లేత పచ్చ బూజు అల్లుకుంటే సిద్ధమైనట్టు. ఎండలో పెడితే శిలీంధ్రం చచ్చిపోతుంది. కాపర్ మందు పోసిన చోట రెండు మూడు వారాలు ఆగి వేయాలి, లేకపోతే మనమే వేసి మనమే చంపినట్టవుతుంది.

కాండం చీల్చినా ఏమీ కనపడకపోతే వేళ్లు చూడాలి. టమాట, వంక, బెండ, బీర జాతుల్లో వేళ్లకు ముడులు ముడులుగా బుడిపెలు ఉంటే నులిపురుగులు. ఎర్ర దుబ్బ నేలల్లో ఇది చాలా ఎక్కువ. చిక్కుడు, గోరుచిక్కుడు వేళ్లకు సహజంగానే బుడిపెలుంటాయి, వాటిని చూసి భయపడొద్దు. తేడా వేలితో తెలుస్తుంది: మంచి బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, తోస్తే ఊడివస్తుంది, నలిపితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బి వచ్చింది కాబట్టి వేరు తెగకుండా ఊడదు. ఉన్న పంటకు మొక్కకు గుప్పెడు వేపపిండి వేసి మట్టి కలిపితే కొంత నెట్టుకొస్తుంది. అసలు మందు ఎండాకాలంలో ఉంది, అది తర్వాత చెబుతాను.

ఇప్పుడు ముడతలు. మిర్చిలో ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడిస్తే తామర పురుగులు. అంచులు కిందికి వంగి, పడవ బోర్లించినట్టు అయి, ఆకు కాడ సాగి, ఆకు ముదురు పచ్చగా పెళుసుగా తయారైతే తెల్లనల్లి. పై ముడత, కింది ముడత అని రైతులు అనేది ఈ రెంటినే. నిర్ధారణకు కొసరెమ్మను తెల్ల కాగితం మీద వంచి రెండు మూడు సార్లు తట్టండి. తామర పురుగులైతే గడ్డిపోచ తునకల్లాంటి లేత పసుపు నలుసులు కాగితం మీద పాకుతూ కనపడతాయి. తెల్లనల్లి కంటికి కనపడదు, భూతద్దంలో కూడా ఓపికగా లేతాకు వెనక ఈనె పక్కన వెతకాలి. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. తామర పురుగు కీటకం, నల్లి ఎనిమిది కాళ్ల జీవి. కీటకాల మందుల్లో చాలావరకు నల్లిని చంపవు, పైగా దాన్ని తినే మిత్ర పురుగులను చంపి నల్లిని పెంచుతాయి. తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు, వేప ద్రావణం. అప్పటికీ ఆగకపోతే స్పైనోసాద్ 45 శాతం ద్రావకం లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. ఇంత తక్కువ కొలవాలంటే సూదిలేని చిన్న సిరంజి కావాలి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. 2021లో తెలంగాణ మిర్చి చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఆకు కన్నా పూలలో ఎక్కువగా ఉంటుంది. పూత రాలుతుంటే పువ్వు విప్పి చూడండి.

టమాటలో ఆకు చిన్నదై, పైకి దొన్నెలా ముడిచి, అంచు పసుపై, మొక్క గిడసబారితే అది వైరస్. బెండలో ఈనెలన్నీ పసుపు వల అల్లినట్టు కనపడి కాయ కూడా పాలిపోతే పల్లాకు తెగులు, అదీ వైరస్సే. రెంటినీ మోసుకొచ్చేది తెల్లదోమ. వంకాయలో ఆకులు మరీ చిన్నవై గుబురుగా, పూత లేకుండా పోతే వెర్రి తెగులు, దీన్ని మోసేవి దీపపు పురుగులు. ఈ మూడింటికీ మందు లేదు. ఏ డబ్బా మీద ఏం రాసున్నా, సోకిన మొక్క తిరిగి మంచిదవదు. కాయ వస్తుందేమోనని ఉంచుకున్న కొద్దీ అది పక్క మొక్కలకు పంచుతూ పోతుంది. ముందు మొక్క మీద వేప నూనె కొట్టి దోమలు ఎగరకుండా చూసుకుని, అప్పుడు పీకి సంచిలో వేసి బయటికి తీసుకుపోవాలి.

వైరస్‌ను ఆపాల్సింది నారు దశలో. మొలక రాగానే నారుమడిపై సన్నరంధ్రాల నైలాన్ వల కప్పి, నాటే రోజుదాకా తీయకూడదు. వల అంచులు మట్టిలో పూడ్చకపోతే వేసిన లాభం లేదు. మొదటి నెల రోజుల్లో సోకిన మొక్క పనికిరాదు. కాపు మొదలయ్యాక సోకితే కొంతైనా కాస్తుంది. మడి చుట్టూ రెండు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ నెల ముందే వేస్తే దోమకు అడ్డు. గట్ల మీద తుత్తురబెండ లాంటి కలుపు ఉంటే తీసేయాలి, తెల్లదోమకు అది విడిది. విత్తనం కొనేటప్పుడే రకం చూసుకోవడం అన్నిటికన్నా తేలిక. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకాల్లో బెండకు అర్క అనామిక పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేసిన రకం, కానీ ఇప్పుడు చాలాచోట్ల ఆ శక్తి తగ్గిపోయింది. టమాటకు అర్క రక్షక్ ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునే సంకరం.

వేప గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ వాడతారు, సగం మందికి పనిచేయదు. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి సబ్బు వేస్తారు. మన బోరు నీళ్లలో సబ్బు విరిగిపోయి తెల్ల తెట్టు తేలుతుంది, నూనె విడిపోయి పైకి వస్తుంది. పిచికారీలో మొదట అంతా నీళ్లు, చివర అంతా నూనె పడి ఆ చివరి మొక్కల ఆకులు మాడతాయి. రెండు దారులు ఉన్నాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడటం ఒకటి. కుంకుడు రసం వాడటం రెండోది. కుంకుడు నురగ గట్టి నీళ్లలో కూడా విరగదు. నాలుగైదు కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి పిసికి వడకట్టిన రసంలో ముందు నూనె వేసి గిలకొడితే పాల రంగుకు వస్తుంది, అప్పుడు నీళ్లు కలుపుతూ లీటరు చేయాలి. కలిపిన ద్రావణం పావుగంట కదలకుండా ఉంచి పైన నూనె తేలకపోతేనే కొట్టాలి. క్షారపు నీళ్లలో వేపలోని అసలు సారం త్వరగా చెడిపోతుంది, కాబట్టి మిగిలింది మర్నాటికి దాచొద్దు. పొద్దు వాలాక, ఆకు వెనక వైపు తడిసేలా, ఐదారు రోజులకొకసారి.

గింజల కషాయం నూనె కన్నా మంచిదని నా నమ్మకం. జూన్, జూలైలో రాలిన వేప పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టుకుంటే ఏడాదంతా వస్తాయి. పెంకు తీసిన పప్పు 50 గ్రాములు బరకగా దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా అర లీటరు నీళ్లలో నాననిచ్చి, పొద్దున మూటను పాలు రావడం ఆగేదాకా పిండాలి. లీటరుకు నీళ్లు కలిపి కొంచెం కుంకుడు రసం వేస్తే చాలు. బూజుపట్టిన గింజ ఏరి పారేయాలి.

ఆకు మచ్చల్లో టమాట ఆకుమాడు ముఖ్యమైనది. అడుగాకుల మీద గోధుమ రంగు మచ్చ, దానిలో ఒకదానిలో ఒకటిగా వలయాలు, చుట్టూ పసుపు. వాన చినుకు మట్టిని ఎగజిమ్మడం వల్ల అడుగాకుకే ముందు వస్తుంది. కర్ర కట్టి మొక్కను లేపి, నేల నుంచి అడుగు ఎత్తు దాకా ఆకులు తీసేసి, మొదట్లో ఎండుగడ్డి పరిచి, నీళ్లు ఆకు మీద పడకుండా పోస్తే చాలాసార్లు మందు అవసరమే ఉండదు. వాన ముసురు పట్టి పైకి పాకుతుంటే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు. కొట్టే ముందు పండిన కాయలు కోసేసుకోవాలి, ఆ తర్వాత కనీసం వారం ఆగాలి. ఆకుకూరలకు ఇవేవీ కొట్టొద్దు. పాలకూర, పుంటికూరకు మచ్చలొస్తే కోసి పారేసి మళ్లీ చల్లుకోవడమే మేలు. గ్రాములు చెంచాతో కొలిచేది కాదు, ఒక్కో పొడి ఒక్కో బరువు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా కొనుక్కుంటే ఏళ్లు వస్తుంది.

బూడిద తెగులు, బూజు తెగులు రెంటినీ కలిపేసుకుంటారు. బూడిద తెగులు చలికాలంలో బీర, ఆనిగెపు, బెండ ఆకుల మీద తెల్ల పొడి చల్లినట్టు వస్తుంది, వేలితో తుడిస్తే పోతుంది. బూజు తెగులులో ఆకు పైన ఈనెల మధ్య కోణాకారపు పసుపు మచ్చలు, పొద్దుగాల ఆకు తిప్పితే ఆ మచ్చ వెనకే ఊదా కలిసిన బూడిద రంగు నూగు. బూజుకు మాంకోజెబ్ పనిచేస్తుంది, గంధకం పనిచేయదు. బూడిదకు గంధకం పనిచేస్తుంది, కానీ తీగ జాతులు గంధకానికి తేలిగ్గా మాడతాయి, ఎండ 32 డిగ్రీలు దాటితే ఏ మొక్కా తట్టుకోదు. వేప నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టినా ఆకు కాలిపోతుంది. అందుకే తీగలకు నేను పాలు వాడతాను: ఒక వంతు ఆవు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు, పొద్దుగాల ఎండ తగిలేటప్పుడు, వారానికోసారి. 1999లో బ్రెజిల్‌లో గుమ్మడి జాతి మొక్క మీద చేసిన పరీక్షలు ఇది పనిచేస్తుందని చూపాయి. తెగులు మొదట్లోనే మొదలుపెట్టాలి, ఆకు మొత్తం తెల్లబడ్డాక పాలు దండగ.

నారు మొలిచిన వారంలో నేల దగ్గర కోసినట్టు పడిపోతే నారుకుళ్లు. ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్లు పోయడం దీనికి కారణం. ఇసుక కలిపిన ఎత్తు మడి, పలచటి విత్తనం, పొద్దుగాల నీళ్లు. మొదలైందంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాముల ద్రావణం మడి తడిసేలా పోసి, రెండు రోజులు నీళ్లు ఆపాలి.

టమాట కాయ అడుగున నల్లటి, నొక్కుకుపోయిన తోలు లాంటి మచ్చ వస్తే మందు వెతకొద్దు, అది తెగులే కాదు. కాయ చివరకు కాల్షియం అందలేదని అర్థం, మట్టిలో కాల్షియం లేదని కాదు. మన నేలల్లో దానికి కొదవ లేదు. నీళ్లతో పాటే అది కాయకు చేరాలి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే చేరదు. యూరియా ఎక్కువైనా, ఉప్పు నీళ్లైనా చేరదు. ఫిబ్రవరి నుంచి కుండీల్లో ఇది మొదలవుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే కొలత నీళ్లు, మొదట్లో గడ్డి కప్పు. మచ్చ పడ్డ కాయ తెంపేస్తే తర్వాతి గెలలు మంచిగా వస్తాయి. అలాగే ఏప్రిల్, మేలో పూత రాలితే ఎండ వల్లే. పగలు 40 దాటే ఊళ్లో టమాట పూత నిలవదు. నీడ వల వేసి మొక్కను బతికించుకోవడం వరకే మన చేతిలో ఉంది.

ఎండు తెగులు, నులిపురుగులు, మొదలు కుళ్లు వచ్చిన మట్టికి మన ఎండాకాలమే మందు. ఏప్రిల్‌లో మడిని జానెడు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, సమంగా చేసి, బాగా తడపాలి. పొడి మట్టి లోపలికి వేడి దిగదు. దాని మీద పలచటి పారదర్శక పాలిథీన్ షీటు మట్టిని తాకేలా పరిచి, అంచులన్నీ పూడ్చి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల షీటు వద్దు, వేడి షీటులోనే ఆగిపోతుంది. చిరుగు పడితే వెంటనే టేపు అతికించాలి. కుండీల మట్టినైతే డాబా మీద అర జానెడు మందంగా పరిచి తడిపి ఇలాగే కప్పొచ్చు. తీశాక మళ్లీ లోతుగా తవ్వొద్దు, కింది మట్టి పైకొస్తుంది. ఈ వేడికి మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి, కాబట్టి వెంటనే ట్రైకోడెర్మా కలిపిన పెంట వేయాలి. ఆ మడిలో మొదటి పంటగా బంతి గానీ మొక్కజొన్న గానీ ఉల్లి గానీ. టమాట, వంక, మిర్చి ఒకే కుటుంబం కాబట్టి వాటిలో ఒకదాని తర్వాత ఇంకొకటి వేస్తే పంట మార్చినట్టు కాదు.

ఇంత చూసినా తేలనివి ఉంటాయి. అప్పుడు ఊహించి కొట్టే బదులు నిపుణులకు చూపించాలి. నల్లగొండ జిల్లాలో కంపాసాగర్, నాగర్‌కర్నూల్ జిల్లాలో పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. నమూనా తీసుకుపోయేటప్పుడు ఒక్క ఆకు తెంపుకుపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు. అప్పుడే మొదలైన మొక్క ఒకటి, ముదిరిన మొక్క ఒకటి, వేళ్లతో మట్టితో సహా తవ్వాలి. వేరు భాగాన్ని సంచిలో కట్టి, ఆకులను తడి లేని పాత పేపర్లో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లో తడిగా పెడితే దారిలోనే కుళ్లి అసలు తెగులు గుర్తు పోతుంది. ఎప్పుడు నాటారు, ఏ నీళ్లు పోస్తున్నారు, గత పదిహేను రోజుల్లో ఏం వేశారు, ఏం కొట్టారు అన్నది ఒక చీటీ మీద రాసి వెంట పెట్టుకోండి. వాళ్లు మొదట అడిగేవి అవే.